కణంలో ఆత్మను వెతికితే

1943 ఫిబ్రవరిలో ఎర్విన్ ష్రోడింగర్ అనే భౌతిక శాస్త్రవేత్త డబ్లిన్‌లో ప్రాణం అంటే ఏమిటన్న ప్రశ్న మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. మరుసటి ఏడు అవి చిన్న పుస్తకంగా వచ్చాయి. తండ్రి పోలిక కొడుక్కి ఎలా వస్తుంది, ఆ సమాచారం కణంలో ఎక్కడ, ఏ రూపంలో దాగి ఉంటుంది అని ఆయన ఆలోచించారు. అది ఒక పెద్ద అణువులో, ఒకే నమూనా పదేపదే రాకుండా పేర్చిన స్ఫటికం లాంటి దానిలో, సంకేతలిపిగా ఉండి తీరాలని ఊహించారు. పదేళ్ల తరవాత డీఎన్‌ఏ నిర్మాణాన్ని ప్రకటించిన జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ ఇద్దరూ ఆ పుస్తకం చదివి ఈ దారి పట్టినవాళ్లే. అయితే పుస్తకం చివర ఒక అనుబంధం ఉంది. అందులో ష్రోడింగర్ ఉపనిషత్తుల ప్రస్తావన తెచ్చి, ఆత్మా బ్రహ్మమూ ఒకటేనన్న భావన తనను ఎందుకు ఆకట్టుకుందో రాశారు. రాసే ముందు ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఇంతవరకూ చెప్పింది శాస్త్రం, ఇకమీద చెప్పేది నా సొంత అభిప్రాయం అని పాఠకులకు స్పష్టం చేశారు. నోబెల్ అందుకున్న మనిషి, ఉపనిషత్తుల మీద అంత గౌరవం ఉన్న మనిషి, రెంటి మధ్యా గీత గీసుకున్నారు.

ఆ గీత తరవాతి కాలంలో చెరిగిపోయింది. 528 హెర్ట్జ్ సంగీతం వింటే డీఎన్‌ఏ బాగుపడుతుందని యూట్యూబ్ చెబుతుంది. నిద్రపోతున్న పన్నెండు పోగుల డీఎన్‌ఏని మేల్కొలుపుతామని కొన్ని శిబిరాలు పిలుస్తాయి. పూర్వజన్మ కర్మ జన్యువుల్లో నిక్షిప్తమై ఉంటుందని ఒక ప్రవచనం, గోత్రమంటే వై క్రోమోజోమేనని ఒక వాట్సాప్ సందేశం. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేయడం తేలిక, కానీ అలా కొట్టిపారేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. వీటన్నిటి కిందా ఒకటే నమ్మకం ఉంది: మనిషి సారం, అతని 'నేను', డీఎన్‌ఏలోనే ఉందని. ఈ నమ్మకం జీవశాస్త్రంలో నిలవదు. వేదాంతంలో కూడా నిలవదన్నది ఈ వ్యాసం వాదన. పైగా, ఈ విత్తనం వేసింది బాబాలు కాదు. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు డీఎన్‌ఏ ఏం చేస్తుందో చూడాలి, అదీ ఒకే ఒక్క జన్యువు ఆధారంగా చూస్తే తికమక ఉండదు. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్లు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తుంటారు. ఊపిరి తీసుకునే కండరాలు కూడా కాసేపు చచ్చుబడతాయి కాబట్టి ఆ కాసేపూ యంత్రంతో శ్వాస అందిస్తారు. కొద్ది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైము ఆ మందును ముక్కలు చేసేస్తుంది, కండరాలు మళ్లీ కదులుతాయి. ఆ ఎంజైము పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. దాన్ని తయారుచేసే సూచన మన మూడో క్రోమోజోము మీద ఉంది. డీఎన్‌ఏ అంటే రెండు పోగులు పెనవేసుకున్న పొడవాటి అణువు. దాని పొడవునా అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు రసాయనాలు అక్షరాల్లా వరుసగా ఉంటాయి. ఒక పోగులో అడెనిన్ ఉన్నచోట ఎదుటి పోగులో థైమిన్, గ్వానిన్ ఉన్నచోట సైటోసిన్ ఉంటుంది. ఒక పోగు తెలిస్తే రెండోదాన్ని రాసేయవచ్చు. కణం రెండుగా చీలేటప్పుడు సమాచారం పొల్లుపోకుండా నకలు కావడానికి కారణం ఈ జతకట్టే పద్ధతే. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 310 కోట్ల అక్షరాలు, 23 క్రోమోజోములు. ప్రొటీన్లకు సూచనలిచ్చే జన్యువులు మాత్రం 20 వేల దరిదాపుల్లోనే ఉన్నాయి.

కాలేయ కణంలో ఆ ఎంజైము కావలసి వచ్చినప్పుడు మూడో క్రోమోజోము మీద ఆ జన్యువున్న చోట పోగులు విడివడతాయి. ఆ భాగానికి ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తయారై కేంద్రకం బయటికి వస్తుంది. బయట రైబోజోమ్ అనే యంత్రాంగం దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ ఒక్కో మూడింటికీ ఒక్కో అమైనో ఆమ్లాన్ని తెచ్చి గొలుసుగా కూర్చుతుంది. ఏ మూడక్షరాలకు ఏ ఆమ్లమో 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్ తేల్చడం మొదలుపెట్టారు. అవిభక్త పంజాబులోని పల్లెటూళ్లో పుట్టిన హరగోవింద్ ఖొరానా ఆ పట్టికను పూర్తిచేయడంలో పెద్ద పాత్ర వహించి 1968లో నోబెల్ పంచుకున్నారు. గొలుసు తనంతట తాను మడతపడి ఎంజైముగా రూపుదిద్దుకుని రక్తంలో చేరుతుంది. ఇక్కడ ఒక్క అక్షరం మారిందనుకోండి. థైమిన్ ఉండాల్సిన చోట సైటోసిన్ వస్తే గొలుసులో 307వ స్థానంలో లూసిన్ బదులు ప్రోలీన్ చేరుతుంది, ఎంజైము పనికిరాకుండా పోతుంది. రెండు ప్రతుల్లోనూ ఈ మార్పు ఉన్న మనిషికి మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద ఆ ఇంజెక్షన్ పడితే మాత్రం కొద్ది నిమిషాల్లో తీరాల్సిన ప్రభావం గంటల తరబడి తీరదు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకోవాలి. ఒకే ప్రతిలో మార్పు ఉంటే రెండో ప్రతి చాలావరకు పని నెట్టుకొస్తుంది. ఈ జన్యువును గుర్తుంచుకోండి, గోత్రం దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో డీఎన్‌ఏ తనంతట తాను చేసిందేమీ లేదు. విప్పింది, నకలు తీసింది, చదివింది, కూర్చింది అంతా కణంలోని ఇతర అణువులు. కంటిలోని కణానికీ కాలేయంలోని కణానికీ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. అయినా కన్ను చూస్తుంది, కాలేయం ఎంజైములు చేస్తుంది. ఊళ్లో పద్యనాటకం వేసేటప్పుడు అందరి చేతుల్లోనూ ఉండేది ఒకే పుస్తకమైనా, కృష్ణుడి వేషగాడు తన పద్యాలే వల్లించినట్టు, దుర్యోధనుడి వేషగాడు తనవే వల్లించినట్టు ఒక్కో కణమూ తన వంతు మాత్రమే చదువుతుంది. ఏది చదవాలో, ఏది మూసి ఉంచాలో చెప్పేవి డీఎన్‌ఏకి అతుక్కునే ప్రొటీన్లు, దాని మీద పడే రసాయన ముద్రలు, చుట్టుపక్కల కణాల నుంచి వచ్చే సంకేతాలు. గాజు సీసాలో ఉంచిన డీఎన్‌ఏ ఎంతకాలమైనా అలా ఉండిపోతుంది తప్ప మనిషి కాదు కదా, బాక్టీరియా కూడా కాలేదు.

పోనీ, మనిషిని మనిషిగా గుర్తుపట్టే ముద్ర అయినా అందులో ఉందా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. ఒకే అండం చీలి పుట్టిన కవలలకు డీఎన్‌ఏ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అయినా వాళ్లు ఇద్దరు మనుషులు. రెండు మనసులు, రెండు జీవితాలు. దీనికి తలకిందుల ఉదాహరణా ఉంది. గర్భంలో రెండు పిండాలు మొదట్లోనే కలిసిపోతే పుట్టిన ఒక్క మనిషిలో రెండు రకాల డీఎన్‌ఏ ఉంటుంది, రక్తంలో ఒకటి, చర్మంలో ఒకటిగా కూడా ఉండవచ్చు. అలాంటివాళ్లలో 'నేను' రెండుగా లేదు. ఇక మనందరి డీఎన్‌ఏలో 8 శాతం దాకా ఒకప్పుడు మన పూర్వ జీవులకు సోకి అక్కడే ఇరుక్కుపోయిన వైరస్‌ల అవశేషమే. వాటిలో ఒకదాని జన్యువును మావి ఏర్పడటానికి మన శరీరం వాడుకుంటోంది. నా సారమంతా ఇందులో ఉంది అనేవాళ్లు ఆ వైరస్‌ను కూడా తమ సారంలో కలుపుకోవలసి వస్తుంది.

ఇంత తెలిసిన శాస్త్రవేత్తలే డీఎన్‌ఏకి దైవత్వం అంటగట్టారు. మానవ జన్యుపటం తయారుచేయాలన్న ప్రతిపాదన 1980ల్లో వచ్చినప్పుడు నోబెల్ గ్రహీత వాల్టర్ గిల్బర్ట్ దాన్ని క్రైస్తవ గాథల్లోని పవిత్ర పాత్రతో పోల్చారు. ముసాయిదా పటం సిద్ధమైందని 2000 జూన్ 26న వైట్‌హౌస్‌లో ప్రకటిస్తూ అధ్యక్షుడు క్లింటన్, దేవుడు ప్రాణాన్ని సృష్టించిన భాషను నేర్చుకుంటున్నామన్న అర్థంలో మాట్లాడారు. ప్రాజెక్టు నాయకుడు ఫ్రాన్సిస్ కాలిన్స్ 2006లో రాసిన పుస్తకం పేరులోనే దేవుడి భాష ఉంది. కాలిన్స్ భక్తుడైన క్రైస్తవుడు, ఆయన విశ్వాసాన్ని తప్పుపట్టనక్కర్లేదు. డబ్బు పెట్టే ప్రభుత్వాలనూ ప్రజలనూ ఒప్పించడానికి పెద్ద మాటలు అవసరమయ్యాయని కూడా అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ మాటల ఫలితం వేరు. పాశ్చాత్య సమాజంలో ఒకప్పుడు ఆత్మకున్న స్థానాన్ని జన్యువు ఆక్రమించిందని డోరతీ నెల్కిన్, సుసన్ లిండీ 1995లోనే ఒక పుస్తకంలో చూపించారు. 2004లో డీన్ హామర్ అనే జన్యుశాస్త్రవేత్త భక్తికి కారణమైన జన్యువు దొరికిందంటూ పుస్తకం వేశారు. మెదడులో రసాయనాలను చేరవేసే ఒక మామూలు జన్యువులో చిన్న తేడా అది. భక్తి అంతటినీ దాని నెత్తిన పెట్టడానికి తోటి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. పుస్తకం మాత్రం బాగా పేరు తెచ్చుకుంది. ప్రయోగశాల నుంచే ఇలాంటి మాటలు వస్తున్నప్పుడు ఆశ్రమాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆధ్యాత్మిక వ్యాఖ్యానాల్లో కొన్నిటికి ఒక్క వాక్యం చాలు. పన్నెండు పోగుల డీఎన్‌ఏ ఏ మనిషిలోనూ ఏ సూక్ష్మదర్శినికీ దొరకలేదు, ఉన్నవి రెండే పోగులు. జన్యు లిపిలో 64 పదాలున్నాయి, మన కళలూ 64, చైనావాళ్ల శకున గ్రంథంలో చిహ్నాలూ 64 అని ఆశ్చర్యపోవడం వృథా. నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు ఎన్ని వస్తాయని చిన్నపిల్లాణ్ణి అడిగినా నాలుగు నాల్గులు నాల్గులు 64 అని చెబుతాడు, చదరంగం బల్ల మీద గళ్లూ అన్నే. నిత్యం మన కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం, ఎంజైములు దాన్ని బాగుచేయడం మాత్రం నిజం. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకే 2015లో ముగ్గురికి రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అందులో సంగీతం ప్రసక్తి ఎక్కడా లేదు. సంగీతం వినడానికి అంతకన్నా మంచి కారణాలు చాలా ఉన్నాయి.

వ్యర్థ డీఎన్‌ఏ విషయం అంత తేలిగ్గా తేలేది కాదు. ప్రొటీన్లకు సూచనలిచ్చే భాగం మొత్తంలో రెండు శాతం లోపే. మిగతాదాన్ని చాలాకాలం చెత్త అన్నారు. అక్కడే మన దివ్యశక్తి నిద్రపోతోందని ఆధ్యాత్మిక గురువులు, చూశారా శాస్త్రం పొరబడిందని వాళ్ల శిష్యులు అంటుంటారు. 2012లో ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ బృందం 80 శాతం డీఎన్‌ఏకి ఏదో ఒక జీవరసాయన చర్యతో సంబంధం ఉందని ప్రకటించినప్పుడు ఈ వాదనకు బలం వచ్చింది. చర్య జరగడం వేరు, ఉపయోగం ఉండటం వేరని ఇతరులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. పరిణామంలో మారకుండా కాపాడబడ్డ భాగాన్ని లెక్కగడితే పది శాతానికి అటూ ఇటూగా తేలుతోంది. ఆ పది శాతం ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా ప్రయోగాల్లో బయటపడుతోంది. సికిల్ సెల్ జబ్బుకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్రిస్పర్ అనే జన్యు కత్తెర చికిత్స కత్తిరించేది అలాంటి చోటునే. ప్రొటీన్‌కు సూచన ఇవ్వని ఒక స్విచ్‌ని తెగ్గొడితే, పుట్టిన కొత్తలో ఆగిపోయిన పిండ హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం తనను తాను నకళ్లు తీసుకుంటూ పేరుకుపోయిన సరుకు. ఆ సరుకే దివ్యశక్తి అయితే ఒక చిక్కు వస్తుంది. మన వంటింటి ఉల్లిగడ్డలో మనకన్నా సుమారు అయిదు రెట్ల డీఎన్‌ఏ ఉంది.

అయితే ఇలా పదేపదే తిరిగే వరసల వల్ల ఉపయోగం లేదని కాదు. దానికి నిదర్శనం హైదరాబాదులోనే ఉంది. లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త కట్లపాము జాతికి చెందిన ఒక పాము డీఎన్‌ఏని పరిశోధిస్తూ అందులో గ్వానిన్, అడెనిన్, థైమిన్, అడెనిన్ అనే నాలుగక్షరాల వరస పదేపదే తిరగడం గమనించారు. మనుషుల్లోనూ ఆ వరస ఉంది, ఎన్నిసార్లు తిరుగుతుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో 1980ల చివర ఆయన బృందం దీన్నే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిగా మలిచింది. పితృత్వ వివాదాల నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా కోర్టుల్లో అది సాక్ష్యంగా నిలిచింది. పాము పేరు వినగానే కుండలిని గుర్తొచ్చేవాళ్లుంటారు. లాల్జీ సింగ్‌కి ఆ పాము చెప్పింది ఎవరి బిడ్డ ఎవరో తేల్చే విద్య.

కర్మ దగ్గరికి వద్దాం. ఇక్కడ వాదన కాస్త బలంగానే ఉంటుంది, ఎందుకంటే దానికి ఎపిజెనెటిక్స్ అనే నిజమైన శాస్త్రం ఆసరాగా ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువులో కడుపున పడ్డవాళ్లను అరవై ఏళ్ల తరవాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద రసాయన ముద్రలు వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువగా కనిపించాయి. 2008లో ఈ ఫలితం వెలువడింది. అక్షరాలు మారలేదు, వాటి మీది ముద్రలు మారాయి. తల్లి ఆకలి బిడ్డ కణాల్లో అరవై ఏళ్లు నిలిచిందన్నమాట. ఇది చదివి వాసనలు, సంస్కారాలు అంటే ఇవేనని అనిపించడం సహజం. అలాగే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, ఎలిస్సా ఎపెల్ 2004లో, దీర్ఘవ్యాధి ఉన్న పిల్లలను సాకుతున్న తల్లులను పరీక్షించి, మానసిక ఒత్తిడి ఎక్కువ ఉన్నవాళ్లలో క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు పొట్టివై ఉన్నాయని చూపించారు. ధ్యానం ఒత్తిడిని తగ్గిస్తుంది కాబట్టి డీఎన్‌ఏకి మేలు చేస్తుందనడానికి ఇది ఆధారం కాదా అని అడగవచ్చు. కొంతవరకు ఆధారమే. ధ్యానం వల్ల, కంటినిండా నిద్ర వల్ల, నడక వల్ల కణాల్లో మార్పులు వస్తాయి. అది శరీరం మనసుకు స్పందించే తీరు. జన్యువుల్లో అక్షరాలు తిరగరాయడం కాదు, కొత్త పోగులు మొలిపించడం అంతకన్నా కాదు. పైగా ఈ రసాయన ముద్రల్లో అత్యధిక భాగం పిండ దశలో తుడిచిపెట్టుకుపోతాయి. మనుషుల్లో తరతరాలకూ అవి దిగుతాయని చెప్పడానికి ఇంకా గట్టి రుజువు లేదు.

కర్మవాదానికి డీఎన్‌ఏ పనికిరాదనడానికి అసలు కారణం కర్మ సిద్ధాంతంలోనే ఉంది. ఎవరు చేసిన కర్మ వారే అనుభవించాలి అన్నది దాని మూలసూత్రం. డచ్ కరువు పిల్లలు చేసిన కర్మ ఏమీ లేదు, అది ఇతరులు చేసిన యుద్ధం. తాత చేసిన తప్పు మనవడి కణాల్లో తేలితే దాన్ని వారసత్వం అనాలి తప్ప కర్మ అనకూడదు. ఇంకా స్పష్టమైన తేడా ఒకటి ఉంది. డీఎన్‌ఏ రక్తసంబంధం వెంటే నడుస్తుంది, జీవుడు అలా నడవడు. భాగవతంలో భరతుడు జింకపిల్ల మీద మమకారంతో ప్రాణం విడిచి జింకగా పుట్టాడు, ఆపైన జడభరతుడిగా పుట్టాడు. పూర్వజన్మ జ్ఞాపకం అతనితో వెళ్లింది. మనిషి డీఎన్‌ఏ జింక గర్భంలోకి ఏ దారినా వెళ్లదు. పునర్జన్మను నమ్మేవాళ్లు నమ్మవచ్చు, కానీ దాని వాహనం డీఎన్‌ఏ అంటే ఆ కథే అడ్డం తిరుగుతుంది.

ఋషులు సంకేతంగా చెప్పారు, మనమే అర్థం చేసుకోలేదు అన్నది తరచూ వినిపించే మరో మాట. యోగశాస్త్రంలోని ఇడ, పింగళ నాడులు పెనవేసుకోవడమే రెండు పోగుల మెలిక అంటారు. ఋషుల మీద గౌరవం ఉంటే వాళ్లు నిజంగా చెప్పినదాన్ని ముందు చూడాలి. తైత్తిరీయోపనిషత్తు మనిషిని కోశాలుగా వివరిస్తుంది. అన్నింటికన్నా పై పొర అన్నమయం, అంటే తిన్న అన్నంతో తయారైన దేహం. డీఎన్‌ఏలో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, ఫాస్ఫరస్. అన్నీ తిండి నుంచి వచ్చినవే. 1869లో ఫ్రెడరిక్ మీషర్ దాన్ని మొట్టమొదట వేరుచేసింది ఆసుపత్రి కట్లకు అంటిన చీములోంచి. దాని తయారీకి ఫోలిక్ ఆసిడ్ కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ పరిశోధనశాల ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకునే మందులు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలమైనా లొంగదీయగలిగారు. మందు వేస్తే ఆగిపోయేదీ, తిండి లేకపోతే తయారుకానిదీ వేదాంతం ప్రకారం ఆత్మ కాజాలదు. గీత పదమూడో అధ్యాయం భాషలో అది క్షేత్రం, క్షేత్రజ్ఞుడు కాదు. డీఎన్‌ఏలో ఆత్మను చూసేవారు శాస్త్రాన్ని ఆధ్యాత్మికం చేస్తున్నామనుకుంటారు. నిజానికి ఆధ్యాత్మికాన్ని దేహానికి కట్టేస్తున్నారు. దేహమే ఆత్మ అనే చార్వాకులు సంతోషిస్తారు.

శాస్త్రం రేపు మారదా, నిన్న చెత్త అన్నది ఇవాళ స్విచ్ కాలేదా అని అడిగేవాళ్లకు జవాబు: మారుతుంది, మార్చింది ప్రయోగాలు. చెత్త అన్న మాటను వెనక్కి తీసుకునేలా చేసినవాళ్లు ఏ క్రోమోజోములో ఏ చోట ఏది కత్తిరిస్తే ఏం జరుగుతుందో చూపించినవాళ్లు. రేపు మారవచ్చు కాబట్టి ఇవాళే నా మాట నమ్మమనడం కుదరదు, ఆ తర్కంతో ఏదైనా నమ్మించవచ్చు.

ఇక గోత్రం. తెలుగువాళ్ల ఇళ్లల్లో డీఎన్‌ఏ పేరు ఎక్కువగా వినిపించేది పెళ్లి మాటల్లో. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, గోత్రమూ అంతే. కాబట్టి మనవాళ్లకు జన్యుశాస్త్రం ముందే తెలుసు, సగోత్ర వివాహం వద్దనడం అందుకేనని మొదట చెప్పిన వాట్సాప్ సందేశం సారాంశం. మొదటి సగం నిజమే, వై దాదాపు మారకుండా తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. కానీ పెళ్లికూతురికి వై ఉండదు. కాబట్టి వధూవరులు సగోత్రులైతే వై క్రోమోజోముకు లాభం లేదు, నష్టం లేదు. దగ్గరి బంధువుల పెళ్లిలో ప్రమాదం మిగతా 22 జతల క్రోమోజోముల్లో ఉంటుంది. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన చెడిన ప్రతి తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ బిడ్డకు చేరితే, మన ఎంజైము విషయంలోలా, జబ్బు బయటపడుతుంది. వైలో ఉన్నవి మొత్తం జన్యువుల్లో ఒక శాతం కూడా కావు. సంప్రదాయం కూడా గోత్రాన్ని రక్తంగా చూడలేదు. దత్తపుత్రుడు పెంచిన తండ్రి గోత్రానికి మారతాడు, అతని వై మారదు. క్షత్రియ వైశ్యులకు పురోహితుడి ప్రవర చెప్పుకోవచ్చని ధర్మశాస్త్రకారులు అన్నారు, పురోహితుడి వై యజమానికి రాదు కదా. ఇక మేనరికం ఉండనే ఉంది. మేనమామ కూతురిది వేరే గోత్రం, కాబట్టి పెళ్లికి అడ్డు లేదు. కానీ ఆ దంపతుల బిడ్డకు ఏ జన్యువైనా ఒకే పూర్వీకుడి ప్రతిగా రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. అక్క కూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. మేనరికం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే పేర్కొంది, అంటే రెండువేల ఏళ్లకు పైబడిన అలవాటు. గోత్రం ఒక వైపు తలుపు మూసి రెండో వైపు తలుపు తెరిచే ఉంచింది. దాన్ని కుటుంబ వ్యవస్థగా గౌరవించవచ్చు, జన్యుశాస్త్రంగా మాత్రం లెక్క తప్పుతుంది.

ఈ లెక్కకు ఆధారం సీసీఎంబీలోనే దొరికింది. లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆంధ్ర వైశ్యులు వందకు పైగా తరాల క్రితం కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, అప్పటినుంచీ దాదాపు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారు. ఆర్యవైశ్యులకు 102 గోత్రాలని చెబుతారు, గోత్ర నియమం పాటించడంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు. అయినా మొదట చెప్పుకున్న ఎంజైము లోపం ఇతరులకన్నా వాళ్లలో సుమారు వంద రెట్లు ఎక్కువ. నూటరెండు గోత్రాలూ ఆ కొద్దిమంది పూర్వీకుల సంతతి మధ్యే తిరుగుతున్నప్పుడు గోత్రం మారితే ఏం లాభం? ఇది ఒక్క కులం సంగతి కాదు. అదే బృందం 2017లో దక్షిణాసియాలో 260కి పైగా సముదాయాలను పరిశీలించి, 81 సముదాయాల్లో ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచే రావడమనే సంకోచం ఫిన్‌లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా తీవ్రంగా ఉందని తేల్చింది. ఒక్కో కులానికీ తనదైన లోపం ఒకటో రెండో ఉండే ఉంటాయి. వైశ్యులది తెలిసింది కాబట్టి మత్తు డాక్టర్లు జాగ్రత్తపడుతున్నారు.

పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లూ, కులంలోనే చేసుకోవాలన్న పట్టింపూ పోయేదాకా ఆగితే గానీ ఇందుకు పరిష్కారం లేదనుకోనక్కర్లేదు. అష్కెనాజీ యూదుల్లో టే శాక్స్ అనే జబ్బు పసిపిల్లలను నాలుగైదేళ్లలోపే బలి తీసుకునేది. నలుగురు పిల్లలను ఆ జబ్బుకు పోగొట్టుకున్న ఒక రబ్బీ 1980ల్లో న్యూయార్క్‌లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టారు. అక్కడి ఛాందస యూదుల్లోనూ సంబంధాలు చూసేది పెద్దలే. పెళ్లీడుకు రాకముందే బడిలో పిల్లల రక్తం తీసుకుని ఒక నంబరు ఇస్తారు, ఫలితం ఎవరికీ చెప్పరు. సంబంధం మాటల దశలో ఉండగానే రెండు నంబర్లూ చెప్పి ఫోన్ చేస్తే, ఇద్దరిలోనూ ఒకే లోపం లేకపోతే ముందుకెళ్లమంటారు, ఉంటే వద్దంటారు. ఎవరికి ఏ లోపం ఉందో ఊరికి తెలియదు, ఏ పిల్లకూ ఏ పిల్లాడికీ మచ్చ రాదు. ఆ సమాజంలో టే శాక్స్‌తో పుట్టే పిల్లలు ఇప్పుడు దాదాపు లేరు. మన పెళ్లి సంబంధాల్లో గోత్రం, నక్షత్రం, నాడి చూడటం ఎలాగూ ఉంది. ఆ జాబితాకు ఇంకో నంబరు చేర్చడానికి కావలసిన పరిజ్ఞానం హబ్సిగూడలోనే ఉంది.